రంగు లింకులు

బాలప్ప పాత ప్యాకింగును బ్లేడుతో గీరుతూనే ఉన్నాడు. ఇంజను ముందు మూత మీద, బోల్టు రంధ్రాల చుట్టూ, అది గిన్నె అంచుకు ఎండిపోయిన గంజిలా అతుక్కుపోయింది. మూతను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, బ్లేడును పడుకోబెట్టి పట్టుకుని, ఇనుముకు గీత పడకుండా ఒక్కొక్క పొరా లేపుతున్నాడు. గీరకుండా బిగిస్తే అక్కడి నుంచే ఆయిలు కారుతుంది, నిజమే. కానీ చేయి తిరిగినవాడికి అది ఒక బీడీ తాగేంత పని. బాలప్ప పొద్దున టీ తాగినప్పటి నుంచీ దాని మీదే ఉన్నాడు.

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందు అది. రెండు బండ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. తన కిరాయి గది ముందర, గోడకు ఆనుకునేలా పెట్టిన చిన్న ట్రక్కు బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంది. రేడియేటరు విప్పి గడప పక్కన పెట్టాడు. ఫ్యాను, బెల్టు, పుల్లీ, వాటర్ పంపు ఒక పాత ఫ్లెక్సీ మీద విప్పిన వరుసలోనే పేర్చి ఉన్నాయి. ఆ ఫ్లెక్సీ అశోక్‌నగర్‌లో ఏదో కోచింగ్ సెంటర్‌ది. దాని మీద ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ముఖాలు నవ్వుతున్నాయి. ఒక పిల్లాడి చెంప మీద వాటర్ పంపు కూర్చుంది. స్కూటర్ల వాళ్ళు కాలు కింద పెట్టి, ఒరిగి, గొణుక్కుంటూ ఆ నవ్వుల పక్క నుంచి పోతున్నారు.

గడప లోపల ప్లాస్టిక్ కుర్చీలో పీరయ్య కూర్చున్నాడు. బాలప్పకు బావ, అక్క మొగుడు. డెబ్బై దాటాయి. వాచిన కాళ్ళు నీళ్ళ డబ్బా మీద చాపుకున్నాడు. పొద్దునే స్నానం చేసి, గడ్డం గీయించుకుని, ఉతికిన ధోవతి కట్టుకున్నాడు. పక్కన రేకు పెట్టె, దాని మీద దుప్పటి మూట. పెళ్ళికొడుకు కూడా ఇంత పొద్దుగాల తయారు కాడని పక్కింటి రామమ్మ పనికి పోతూ ఒక మాట విసిరి పోయింది.

పీరయ్య ఊరికి పోతున్నాడు. గుండె బలం తగ్గిపోయిందనీ, మందులు వేసుకుంటూ ఇంటి పట్టున ఉండడమే తప్ప ఇంక చేసేది లేదనీ డాక్టర్లు చెప్పేశారు. ఆ మాట విని వచ్చాక అన్నం కలుపుకుంటూ, “బీరమ్మ దగ్గరికి పోత బాలిగా. ఉన్నన్నాళ్ళు బిడ్డ మొకం సూస్కుంట ఉంట,” అన్నాడు. బీరమ్మ అతని ఒక్కగానొక్క కూతురు, మక్తల్ అవతల ఊళ్ళో కాపురం. బస్సులో కూర్చోలేడు కనుక ట్రక్కు వెనక పరుపు వేసి, పడుకోబెట్టి తీసుకుపోవాలి. బాలప్ప “సరే” అన్నాడు. ఇంకో గరిటె పప్పు వేశాడు. ఆ ఇంట్లో అంతకు మించి చర్చ జరగలేదు.

అడ్డం పడింది ఇంజను. కొన్నాళ్ళుగా పొద్దున స్టార్ట్ చేయగానే డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు గరగరలాడుతోంది. టైమింగ్ చైను సాగిందని ఇద్దరికీ తెలుసు. ఇంజనులో కింద తిరిగే ఇరుసుకూ, పైన వాల్వులను ఆడించే ఇరుసుకూ మధ్య ఆ చైను ఉంటుంది, సైకిలు చైను లాగే. అది దారిలో జారిందంటే వాల్వులు పోయి పిస్టన్లకు గుద్దుకుంటాయి. పడుకున్న రోగితో నడిరోడ్డు మీద నిలబడిపోవాలి. “కొత్తది ఎయ్యి, అప్పుడు పోదం,” అన్నది పీరయ్యే. నిన్న ముందు భాగమంతా విప్పాడు. ఇవాళ పగటి అన్నం వేళకు చైను ఎక్కించి, మూత బిగించి, బయల్దేరి, దీపాలు పెట్టకముందే బీరమ్మ ఇంటి ముందు దిగాలి. పరుపు పొద్దునే వెనక పరిచేశారు కూడా.

బాలప్పకు బావ పోవడం ఇష్టం లేదు. అతనికి ఉన్న బాధ ఇదొక్కటే. కానీ ఇష్టం లేదని చెప్పడం అతనికి చేతకాదు. కూతురి దగ్గరికి పోయే తండ్రిని ఏ ముఖం పెట్టుకుని ఆపుతాడు? పైగా ఆ ఇంట్లో ‘ఉండు’ అనే మాట ఎవరూ ఎవరితోనూ అన్నది లేదు. ఉండేవాళ్ళు ఉన్నారు, పోయేవాళ్ళు పోయారు.

బాలప్ప బతుకులో గట్టిగా చెప్పుకోవడానికి ఏమీ జరగలేదు. మీసాలు రాకముందే అక్కాబావల వెంట పాలమూరు నుంచి కూలికి వచ్చాడు. నారాయణగూడలో ఇవాళ లిఫ్టులున్న అపార్ట్‌మెంట్లు సగం అతను నెత్తిన ఇసుక మోసినవే. పీరయ్య ముషీరాబాద్‌లో ఒక షెడ్డులో ఇంజను సామాన్లు డీజిల్‌తో కడిగే పనికి కుదిరి, కడుగుతూ కడుగుతూనే పని పట్టేశాడు. పట్టాక బామ్మర్దిని కూడా లాగాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఈ ట్రక్కును సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అక్క జ్వరం వచ్చి పోయింది. బాలప్పకు పెళ్ళి ఒకసారి కుదిరి తప్పిపోయింది, ఇంకోసారి కుదరకనే తప్పిపోయింది, ఆ మీదట ఎవరూ ఊసెత్తలేదు. బీరమ్మను అత్తారింటికి పంపాక ఆ గదిలో ఇద్దరు మగవాళ్ళు మిగిలారు. అన్నం బాలప్ప వండుతాడు, పప్పు పీరయ్య. ఉప్పు ఎవరు వేశారన్న దాని మీద తప్ప వాళ్ళ మధ్య పేచీలు లేవు.

ట్రక్కుకు పని అశోక్‌నగర్‌లోనే. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు ఊరికే గదులు మారుతుంటారు. ఇనుప మంచం, పరుపు, అట్టపెట్టెల నిండా పుస్తకాలు, ఒక బకెట్టు. నోటిఫికేషన్ పడితే వస్తారు, పరీక్ష రద్దయితే పోతారు. ఎవరిని ఏ గదిలో దింపాడో బాలప్పకు గుర్తే. ఎవరికి కొలువు వచ్చిందో మాత్రం తెలియదు. వచ్చినోడు మన బండి పిలువడు, కారెక్కి పోతడు అని పీరయ్య సిద్ధాంతం.

ఇంక గీరడానికి ఏమీ మిగలలేదు. మూత అద్దంలా మెరుస్తోంది. బాలప్ప నడుము పట్టుకుని లేచాడు.

“అయిందా?” అన్నాడు పీరయ్య.

“అయింది. చైన్ ఎక్కిస్త.”

కొత్త చైనును కాగితం పొట్లంలోంచి తీసి ఆయిల్లో ముంచాడు. నల్లని లింకుల నడుమ రెండు చోట్ల పసుపు రంగు లింకులు ఉన్నాయి. ఎక్కించేటప్పుడు ఒక రంగు లింకు పై పళ్ళచక్రం మీది చుక్కకూ, ఇంకోటి కింది పళ్ళచక్రం మీది చుక్కకూ ఎదురుగా కూర్చోవాలి. ఒక్క పన్ను అటో ఇటో అయితే బండి లాగదు. బాలప్ప చైనును పై నుంచి వదిలి, కింద వేళ్ళతో అందుకుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని మెల్లగా చక్రానికి తొడిగాడు. అతని చూపుడువేలు కొస ఎప్పుడో ఫ్యాను తగిలి పోయింది. ఆ మొండి వేలే ఇలాంటి ఇరుకు చోట్లలో బాగా పనికొస్తుంది. చైను బిగువు పట్టే టెన్షనరు పిన్ను లాగాడు. అది టక్కున వచ్చి ఆనుకుంది.

తర్వాత పెద్ద పానా పెట్టి ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పాడు. అలా తిప్పకుండా సెల్ఫ్ కొట్టేవాణ్ణి పీరయ్య మెకానిక్కు కింద లెక్కగట్టడు. లోపల ఏదైనా తాకుతుంటే ఆ తిప్పడంలో చేతికే తెలిసిపోతుంది. ఏమీ తాకలేదు. రెండు చుట్లయ్యాక చక్రాల మీది చుక్కలు రెండూ మళ్ళీ తమ తమ చోట్లకు వచ్చి నిలిచాయి. రంగు లింకులు మాత్రం ఎటో పోయాయి. పోవాలి కూడా. చైను పొడవు వేరు, చక్రం చుట్టు వేరు. అవి తిరిగి చుక్కల దగ్గరికి రావాలంటే ఇంజను ఎన్నెన్నో చుట్లు తిరగాలి. ఎక్కించేటప్పుడు గురుతుకే ఆ రంగు, ఆ మీదట దానితో పనే లేదు. చుక్కలు కలిశాయా లేదా అన్నదే లెక్క. కలిశాయి. ఇంక మూత బిగించడమే తరువాయి.

బాలప్ప వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. కొద్దిసేపట్లో మూత, ఆపైన పుల్లీ, బెల్టు, రేడియేటరు. కాసిని నీళ్ళు పోస్తే బండి తయారు. తను డ్రైవరు సీట్లో, బావ వెనక పరుపు మీద. వచ్చేటప్పుడు పరుపు ఖాళీగా ఉంటుంది. గదిలో కుర్చీ ఖాళీగా ఉంటుంది. పప్పు తనే వండుకోవాలి. పానాను ఫ్లెక్సీ మీద పెట్టాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

“బావా, రంగు లింకులు కలుస్తలేవు.”

సందు మొదట్లో ఎవరో ఆటో హారన్ కొడుతున్నారు. పీరయ్య కుర్చీలోంచి ముందుకు వంగాడు.

“కలుస్తలేవా?”

“లేవు. ఒక పన్ను తప్పినట్టుంది. మల్ల ఇప్పాలె.”

పీరయ్య అతని వీపు వంక చూశాడు. చెమటకు బనీను అంటుకుపోయి ఉంది. “అట్లనా,” అన్నాడు. కొంచెం ఆగి, “ఇప్పు మరి. తప్పు పెట్టుకోని తొవ్వ పట్టలేం గద,” అన్నాడు.

తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. ఆ రంగు లింకుల మర్మం బాలప్పకు చెప్పినవాడు పీరయ్యే. షెడ్డులో మొదటిసారి ఒంటరిగా చైను ఎక్కించినప్పుడు, తిప్పి చూస్తే రంగులు కలవలేదని బాలప్ప దాన్ని పీకి మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ కలవలేదు. పొద్దున మొదలుపెట్టిన పని పొద్దుగూకే దాకా పీకడమూ ఎక్కించడమూ అయింది. పీరయ్య డ్రమ్ము మీద కూర్చుని, పాన్ నములుతూ అంతా చూశాడు తప్ప నోరు విప్పలేదు. చివరికి బాలప్ప ఏడుపు ముఖం పెట్టాక వచ్చి, భుజం మీద చెయ్యేసి, “రంగు ఎక్కియ్యనీకె, సుక్క నడవనీకె. ఇంక మరువవు పో,” అన్నాడు. షెడ్డులో వాళ్ళు చాలా రోజులు అతన్ని రంగుల బాలిగాడనే పిలిచారు.

బావ అదంతా మరిచిపోయి ఉంటాడని బాలప్ప నమ్మాడు. ఈ మధ్య ఆయన మాత్ర వేసుకున్నదీ మరుస్తున్నాడు, వేసుకోనిదీ మరుస్తున్నాడు. నమ్మడానికి అది చాలనుకున్నాడు. టెన్షనరును వెనక్కి నొక్కి పిన్ను పెట్టి, బంగారంలా కూర్చున్న చైనును పీకి, కొత్తదే అయినా డీజిల్ గిన్నెలో వేసి కడగడం మొదలుపెట్టాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి రామమ్మ తిరిగి వచ్చింది. అశోక్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. దారికని జొన్నరొట్టెలు, పచ్చికారం మూట కట్టుకొచ్చింది. విడివిడిగా పడున్న సామాను చూసి నడుం మీద చేయి పెట్టుకుంది.

“ఇంక ఎక్కియ్యలేదా బాలన్నా? పెద్దన్న పొద్దటి సంది తయారై కూసుండె. ఈ రొట్టెలు మక్తల్ల తింటరనుకుంటే ఈడనే తినేటట్టున్నరు.”

బాలప్ప గిన్నెలోంచి తల ఎత్తలేదు. జవాబు పీరయ్యే చెప్పాడు.

“ఇంజన్ పని అట్లనే ఉంటది రామమ్మా. మనకు తొందరుందని దానికి ఎర్కనా? రొట్టె ఇటియ్యి.”

ముగ్గురూ గడప దగ్గరే కూర్చుని తిన్నారు. పీరయ్య సగం రొట్టె తిని చాలన్నాడు. కారం బాగుందన్నాడు. ఉప్పు తక్కువైందని బాలప్ప అంటే, ఉప్పు డాక్టరు వద్దన్నది నీకు కాదు నాకు అన్నాడు. రామమ్మ నవ్వింది. బాలప్ప మాత్రం సగం రొట్టె తిరిగి మూటలోనే పెట్టేశాడు. ఆకలి లేకపోవడం వల్ల కాదు, సిగ్గు వల్ల.

తిన్నాక మూతకు పూసే పేస్టు గడ్డకట్టిందనీ, నారాయణగూడ దాకా పోయి కొత్త ట్యూబు తెస్తాననీ బయల్దేరాడు. పేస్టు గడ్డకట్టలేదు. అబద్ధానికి అబద్ధం తోడు కావాలి కదా. ఆటో ఎక్కలేదు, నడిచాడు. లైబ్రరీ దగ్గర చెట్ల నీడన పిల్లలు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని పెరుగన్నం తింటున్నారు. అశోక్‌నగర్‌లోకి మళ్ళాక జిరాక్స్ దుకాణాల ముందు ఎప్పటి గుంపే. మూడో అంతస్తు కిటికీ ఒకటి చూసి, అందులోంచి ఒకప్పుడు బీరువాను తాళ్ళతో దింపిన సంగతి గుర్తొచ్చింది. కింద తాడు పట్టింది తను, పైనుంచి వదిలింది బావ. బీరువా కంటే ముందు బావ కేకలు కిందికి దిగాయి.

“అన్నా!”

మహిత అనే అమ్మాయి. గ్రూప్స్‌కు చదువుతుంది. ఆమె మంచం ఇప్పటికే పలుమార్లు అతని ట్రక్కెక్కింది.

“నీకే ఫోన్ చేద్దామనుకుంటున్న. బండి ఏది?”

“ఇంటికాడ. బాగ చేస్తున్న.”

“మా ఓనర్ మల్ల కిరాయి పెంచిండన్నా. రేపు పొద్దున గాంధీనగర్‌కి మారాలె. వస్తవా?”

“వస్త,” అన్నాడు బాలప్ప.

అమ్మాయి సరేనని పోయింది. బాలప్ప నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. రేపు వస్తానన్నాడు. ఇవాళ పోకపోతే రేపన్నా ఊరికి పోవాలి కదా! రేపటికి కూడా తన లోపల ఏదో ఒక అబద్ధం తయారై కూర్చుని ఉందన్నమాట. రేపు చైను, ఎల్లుండి రేడియేటరు, ఆ తర్వాత ఇంకోటి. బండిలో సామాన్లకు కొదవ లేదు. బిడ్డ ముఖం చూడాలని గడ్డం గీయించుకుని కూర్చున్న మనిషిని ఇలా ఒక్కో బోల్టుతో కట్టేయడానికి తను సిద్ధపడ్డాడు. నడిరోడ్డు మీద బాలప్పకు తన మీద తనకే అసహ్యం వేసింది. నారాయణగూడ దాకా పోలేదు. వెనక్కి తిరిగి, వచ్చిన దానికంటే రెట్టింపు వేగంతో ఇంటికి నడిచాడు.

వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. చూస్తే పీరయ్య ట్రక్కు ముందు నిలబడి ఉన్నాడు, ఒక చేత్తో బండిని పట్టుకుని, రెండో చేత్తో చైనును పై చక్రానికి తగిలిస్తూ. పెదవులు నీలంగా ఉన్నాయి.

“ఎందుకు లేచినవ్ బావా? డాక్టర్ ఏమన్నడు?”

“పొద్దున పైన పట్టుకునేటోడు లేక జారింది కావొచ్చు. అందుకే పన్ను తప్పింది,” అన్నాడు పీరయ్య. “నువ్వు కింద సూస్కో. పైన నేను పడుత.”

చైను జారకుండా చక్రానికి కట్టడానికి ఏదైనా కావాలి. భుజం మీది తువ్వాలు కొసను పళ్ళతో పట్టి చించాడు. ఎర్ర అంచుతో పాటు ఒక పీలిక ఊడి వచ్చింది. దాన్ని చక్రం రంధ్రంలోంచి దూర్చి, చైను మీదుగా చుట్టి ముడి వేశాడు. ఉబ్బిన వేళ్ళు. ఒకసారి వేసిన ముడి జారింది. బాలప్ప చేయి సాయం పెట్టబోతే వద్దన్నట్టు తల ఊపి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ వేశాడు. లారీ మీద లోడు కట్టేవాళ్ళు వేసే ముడి అది, లాగిన కొద్దీ బిగుస్తుంది. బాలప్ప కిందికి వంగి రెండో కొసను తొడగసాగాడు.

“బాలిగా.”

“ఆఁ.”

“ఈసారి రంగు సూడకు. సుక్కలు సూడు.”

బాలప్ప చేతులు ఆగిపోయాయి. తల ఎత్తడానికి ధైర్యం చాలలేదు. పీరయ్య గొంతులో కోపం లేదు, వెటకారం కూడా లేదు.

“బీరమ్మకు ఫోన్ జేసిన. ఇయ్యాల గాదు, రేపు పొద్దుగాల ఎల్తమని జెప్పిన. ఇయ్యాల మీ మామకు చేతులు సాగుతలేవని జెప్పిన.”

చివరికి బాలప్ప, ఇన్నేళ్ళలో ఎన్నడూ అనని మాట, చైనుతో చెబుతున్నట్టు అన్నాడు.

“ఈడనే ఉండరాదు బావా?”

“ఉండొచ్చు. నువ్వు బండి తోల్కపోతే పగలంత నన్నెవరు సూడాలె? పని బంద్ జేసి కూసుంటవా?” పీరయ్య కళ్ళు తడయ్యాయి, కానీ మాట మాత్రం మామూలుగానే ఉంది. “నువ్వే రా, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు. చైన్ కొత్తది గద, మక్తల్ ఎంత దూరం?”

బాలప్ప తల ఊపాడు. ముక్కు మోచేత్తో తుడుచుకున్నాడు. తర్వాత పని నడిచింది. చుక్కలు చూసి తొడిగాడు, పిన్ను లాగాడు. పీలిక ముడి పక్కన కటింగ్ ప్లయరుతో కోసి, లాగి కిందపడేశాడు. చేత్తో రెండు చుట్లు తిప్పాడు. చుక్కలు వచ్చి నిలిచాయి. గడ్డకట్టని పేస్టు పూసి మూత బిగించాడు. పుల్లీ, బెల్టు, ఫ్యాను, రేడియేటరు. పొద్దున కదలనంటే కదలనన్న చేతులే ఇప్పుడు ఒకదానివెంట ఒకటి బోల్టులు అందుకున్నాయి. పేస్టు ఆరేదాకా బావను కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. పీరయ్య టీ తాగుతూ ఇద్దరు స్కూటర్ల వాళ్ళకు దారి చూపించాడు, బండిని ఇంకో జానెడు గోడకు జరపాల్సిందని బాలప్పకు వంకా పెట్టాడు.

ఎండ గోడల పైకి పాకింది. నీళ్ళు, ఆయిలు పోశాక పీరయ్య లేచాడు.

“సెల్ఫ్ నేను కొడుత. సప్పుడు ఇననీకె రేపటి దాక ఎందుకు ఆగాలె, ఇప్పుడే ఇంట.”

బాలప్ప భుజం కింద చెయ్యేసి డ్రైవరు సీట్లోకి ఎక్కించాడు. పీరయ్య చెప్పులు విప్పి చేతికిచ్చాడు. చెప్పులతో ఆ బండి ఎన్నడూ ఎక్కలేదు. బాలప్ప వాటిని సీటు కింద పెట్టి ముందుకు వచ్చాడు.

“కొట్టు బావా!”

ఇంజను రెండుసార్లు మూలిగి అందుకుంది. మొదట్లో కాస్త తడబడింది, తర్వాత సర్దుకుంది. గరగర లేదు. ఇల్లు అలకగానే పండుగ కాదు కనుక బాలప్ప వెంటనే సంబరపడలేదు. పొడుగు స్క్రూడ్రైవరు మొనను మూతకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. లోపల చైను తిరుగుతున్న చప్పుడు, వాన నీళ్ళు తూములోంచి పోతున్నట్టు, ఒకే తీరుగా వినిపించింది. కింద విన్నాడు, పైన విన్నాడు, టెన్షనరు దగ్గర విన్నాడు. ఎక్కడా ఎత్తిచూపడానికి ఏమీ లేదు. ఈ మధ్య ఇంత బాగా కుదిరిన పని ఇంకోటి లేదు.

“ఇన్నవా బావా? సప్పుడే లేదు!”

ఎత్తిన బానెట్ అడ్డంగా ఉంది. పీరయ్య ఏమీ అనలేదు. ఆయన మెచ్చుకోలు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. బాలప్ప ఇంకాసేపు విని, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, బానెట్ దించాడు.

అద్దం వెనక పీరయ్య సీటుకు తల వాల్చి ఉన్నాడు. ఒక చేయి స్టీరింగు మీద, రెండోది ఒళ్ళో. కళ్ళు సగం మూసి ఉన్నాయి. చప్పుడు వింటున్నట్టే ఉన్నాడు. బాలప్ప తలుపు తీసి, పిలిచి, చెంప తట్టి, ఛాతీ మీద చెయ్యి పెట్టాడు. ఇంజను అదురుకు ఆ ఛాతీ కూడా సన్నగా అదురుతోంది. ఆ అదురు ఎవరిదో తెలుసుకోవడానికి తాళం తిప్పి ఇంజను ఆపాడు. అదీ ఆగిపోయింది.

కేక విని రామమ్మ వచ్చింది, సందంతా వచ్చింది. ఒకాయన పోయి వీధి చివర క్లినిక్కు డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయన చూసి, చేయి పట్టి, తల అడ్డంగా ఊపాడు. ఈలోగా పీరయ్య జేబులో ఫోను మోగింది. బీరమ్మ. బాలప్ప తీశాడు.

“నాయినా, రేపు వచ్చేసరికి ఏం కూర వండాలె?”

“నేను మామను బిడ్డా,” అన్నాడు బాలప్ప. “రేపనుకున్నం గాని... ఇయ్యాలనే వస్తున్నం.” మిగతాది రామమ్మ ఫోను తీసుకుని చెప్పింది.

పొద్దున పరిచిన పరుపు మీదే పడుకోబెట్టారు. రామమ్మ, ఇంకో ఇద్దరు వెనక కూర్చున్నారు. రేకు పెట్టె, దుప్పటి మూట కూడా ఎక్కాయి. బాలప్ప అంత దూరమూ మెల్లగా తోలాడు. బండి ఎక్కడా మొరాయించలేదు. పొద్దున్నే మూత బిగించి ఉంటే బావ బిడ్డ ముఖం చూసేవాడు. లేకపోతే ఏ షాద్‌నగర్ దగ్గరో, వెనక పరుపు మీద ఒంటరిగా, తనకు తెలియకుండానే పోయేవాడు. ఏది జరిగేదో చెప్పేవాళ్ళు లేరు. తప్పు తనదేనని బాలప్పకు తెలుసు. ఆ తప్పు వల్లే ఒక పూట ఎక్కువ దొరికిందనీ తెలుసు. ఒకటి తలుచుకుంటే రెండోది తగ్గలేదు. మరునాడు పొద్దున మహిత ఫోన్ చేస్తే, బండి ఊళ్ళో ఉందనీ, ఇంకెవరినైనా చూసుకొమ్మనీ చెప్పాడు.

దినాలయ్యాక తిరిగి వచ్చాడు. బండిని సందులో గోడకు బాగా దగ్గరగా పెట్టాడు. బీరమ్మ కట్టిచ్చిన జొన్నపిండి సంచి లోపల పెట్టి, చేతులు కడుక్కుని, గడపలో కూర్చున్నాడు. ఆ రోజు ఎక్కడివక్కడ వదిలేసి పోయిన పనిముట్లను రామమ్మ ఊరి నుంచి ముందే వచ్చి ఒక పాత తొట్టిలో ఎత్తి పెట్టింది. బాలప్ప ఒక్కొక్కటీ తీసి, గుడ్డతో తుడిచి, పెట్టెలో సర్దసాగాడు. పానాలు, ప్లయరు, పాత చైను. ఇవి చెత్తవో పనికొచ్చేవో తెలియక, కింద పడున్నదల్లా ఆమె ఎత్తినట్టుంది.

తొట్టి అడుగున తువ్వాలు పీలిక ఉంది. నిండా ఆయిలు పీల్చుకుని నల్లబడింది, ఒక కొసన మాత్రం ఎర్ర అంచు కొంచెం కనిపిస్తోంది, కోత పక్కన పీరయ్య వేసిన ముడి వేసినట్టే ఉంది.